పాత యుద్ధ విమానాలు చూడబోయే ముందు

చిన్నా,

ఏవియేషన్ మ్యూజియానికి వెళ్తున్నావని విని చాలా సంతోషించాను. అన్నీ చూసెయ్యాలని మాత్రం పరుగెత్తకు. రెండో మూడో ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర అరగంట నిలబడు. మొదటిసారి నేను ఒక్క పూటలో హాలంతా చుట్టేశాను. ఇంటికొచ్చాక ఒక్క విమానం కూడా సరిగ్గా గుర్తులేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నువ్వు చూడాలనుకున్నది రిపేరులో ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కో. తలుపులు తీసే వేళకే వెళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్ ఉంటే ముందు రెక్క అంచు చూడు. తొలి రోజుల్లో చాలావాటికి ఎనిమిది మెషిన్‌గన్‌లు ఉండేవి. వాటి కన్నాల మీద ఎర్ర గుడ్డ ముక్కలు అతికించి ఉంటాయి. పైన చలిగాలి, తేమ లోపలికి పోయి తుపాకులు బిగుసుకుపోకుండా అలా మూసేవాళ్ళు. మొదటి గుండు ఆ గుడ్డను చించుకునే బయటికొచ్చేది. విమానం దిగినప్పుడు గుడ్డ చిరిగి ఉంటే, పైన కాల్పులు జరిగాయని కింద ఉన్నవాళ్ళకి తెలిసిపోయేది.

పక్కన ఆ కాలపు మరో ఫైటర్ హరికేన్ ఉంటే దాని వెనక భాగం చూడు. అది రేకు కాదు, గుడ్డ. ఏటవాలు వెలుతురులో లోపలి చెక్క బద్దలు గీతల్లా తేలి కనిపిస్తాయి. అదే యుద్ధంలో ఎగిరిన మస్కిటో అనే విమానం అయితే దాదాపు మొత్తం ప్లైవుడ్, బాల్సా అనే తేలికైన చెక్కే. ఫర్నిచర్ చేసే పనివాళ్ళు కూడా దాన్ని తయారు చేశారు.

బాంబులు వేసే పెద్ద విమానం లాంకాస్టర్ దగ్గర అందరూ ముక్కు ముందు ఫొటోలు దిగుతారు. నువ్వు తోక దగ్గరికి వెళ్ళు. అక్కడి అద్దాల గూట్లో తుపాకులు కాల్చే ఒకే ఒక్క మనిషి, మిగతా ఆరుగురికి దూరంగా, రాత్రంతా చలిలో కూర్చునేవాడు. ఆ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు బాంబు విమానాల విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ఆ గూడు వెడల్పు చూసి నీ భుజాలు చూసుకో. కింద బాంబులు పడ్డ ఊళ్ళనీ తలుచుకో. అక్కడ గట్టిగా మాట్లాడకు నాన్నా.

దేన్నీ చేత్తో తాకకు, చెమటలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది.

వాలంటీర్లు కనిపిస్తే, "ఇందులో అసలుది ఎంత, తర్వాత చేర్చింది ఎంత?" అని అడుగు. కొన్నిటిని రెండు మూడు శిథిలాల ముక్కలు కలిపి నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్ళే ఎదురుగా ఉంటే గంట కూడా నిమిషంలా గడిచిపోతుంది.

సిలిండర్లు గుండ్రంగా అమర్చిన ఇంజన్ కనిపిస్తే కిందికి వంగి చూడు, నూనె పట్టే పళ్ళెం ఉండొచ్చు. అలాంటి ఇంజన్ ఆగాక నూనె కింది సిలిండర్లలోకి దిగుతుంది. ఆ నూనె అడ్డుపడి ఇంజన్ పాడవకుండా, స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతారు. పళ్ళెంలో తాజా చుక్కలుంటే, ఆ ఇంజన్‌ని మళ్ళీ ఎప్పుడు నడుపుతారో అడిగి తారీఖు రాసుకురా. ఆ రోజు నేనూ వస్తాను.

మీ పెదనాన్న