పాఠకుల ప్రశ్న: బిస్కూపిన్ కలప ఎందుకు పుచ్చిపోలేదు?

ప్రశ్న: పోలండ్‌లోని బిస్కూపిన్ అనే పల్లెలో క్రీస్తుపూర్వపు కొయ్య కోట బయటపడిందని చదివాను. నేటి ఊరూ ఆ కోటా ఒకటేనా? అంత పాత కలప ఎలా నిలిచింది?

జవాబు: ఒకటి కావు. నేటి బిస్కూపిన్ ఝ్నిన్ పట్టణానికి దక్షిణంగా, సరస్సు పక్కన ఉన్న చిన్న పల్లె. పావూకి అని పిలిచే ఆ సీమలో, మంచుయుగపు హిమానీనదాలు వదిలివెళ్ళిన సన్నని, పొడవాటి సరస్సులు వరసగా కనిపిస్తాయి. పోలిష్ భాషలో 'బిస్కూప్' అంటే బిషప్. గ్న్యెజ్నో ఆర్చిబిషప్ ఆస్తులను పేర్కొన్న 1136 నాటి పోపు శాసనంలో ఈ ఊరి ప్రస్తావన ఉంది. పేరు అలా వచ్చిందే.

కోట ఊరు అంతకు దాదాపు 1,900 ఏళ్ళు పాతది. ఇనుప యుగం తొలినాళ్ళలో, మధ్య ఐరోపాలో కంచు, ఇనుప యుగాల్లో వర్ధిల్లిన లుసేషియన్ సంస్కృతికి చెందినవారు అప్పట్లో ద్వీపంగా ఉన్న నేలమీద దానిని కట్టారు. చుట్టూ కొయ్యతోనూ మట్టితోనూ లేపిన ప్రాకారం, లోపల దుంగలు పరిచిన 11 వీధులు, వాటి వెంట సుమారు వంద ఇళ్ళు ఉండేవి. చెట్టు వలయాలను లెక్కించి చూస్తే, వాడిన ఓక్ కలపలో సగానికి పైగా క్రీ.పూ. 738–737 చలికాలంలోనే నరికినదని తేలింది. ఒక్క చలికాలంలో అంత అడవిని కొట్టించగలిగిన సమాజానికి గట్టి కట్టుబాటు ఉండి తీరాలి.

సరస్సు మట్టం పెరగడం వల్లనే జనం ఊరు విడిచారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కలపను కాపాడినదీ ఆ నీరే. తడి బురదలోకి గాలి చొరబడదు కనుక, కొయ్యను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు అక్కడ బతకలేవు. 1933లో నీరు తగ్గినప్పుడు పైకి తేలిన కర్రల విలువను గుర్తించినవాడు స్థానిక బడిపంతులు వలెంతి ష్వాయ్‌ట్సెర్. ఆయన చొరవ చూపకపోతే ఈ చరిత్ర మరెన్నాళ్ళు మరుగున ఉండేదో! మరుసటి ఏడాది పొజ్నాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజెఫ్ కోస్ట్‌షెవ్‌స్కి తవ్వకాలు మొదలుపెట్టాడు.

ఆ కోట తమ స్లావ్ పూర్వీకులదని పోలిష్ పండితులూ, జర్మానిక్ జాతులదని జర్మన్ పండితులూ వాదించుకున్నారు. యుద్ధకాలంలో నాజీలు ఊరి పేరును ఊర్‌ష్టెట్‌గా మార్చి, తమ వాదానికి ఆధారాల కోసం అక్కడే తవ్వించారు; వెనుదిరిగేటప్పుడు స్థలాన్ని నీట ముంచారు. ఆ నీరూ కలపకు మేలే చేసింది. నేడు సందర్శకులు చూసే ద్వారం, ఇళ్ళు పునర్నిర్మాణాలు; అసలు దుంగలు చాలావరకు ఇప్పటికీ తడి నేల కిందే ఉన్నాయి.