పాపకు ఎనిమిది నెలలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇప్పుడే వద్దు అంటే ఏం వాడాలి? ఆదోని నుంచి నా జవాబు

మీరు రాసింది చదివితే మా వీధి అమ్మాయే అడుగుతున్నట్టుంది. కోసిగి దగ్గర పల్లె, పాపకు ఎనిమిది నెలలు, ఇంకా పాలు తాగుతోంది, రెండో కాన్పుకు మూడేళ్లైనా ఆగాలి, సంక్రాంతి దాటితే సుగ్గికి, అంటే మిరప కోతల కూలికి, గుంటూరు వైపు పోవాలి. గర్భం రాకుండా గర్భసంచిలో లూప్ వేయించుకుంటే నడుము పోతుందని అత్త అంటోంది. మాది ఆదోని. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య నేనూ ఎడం పెట్టాను, మా యారాలూ (తోడికోడలు) పెట్టింది. నేను మాత్రలతో, ఆమె సూదులతో. అందుకే రాస్తున్నా.

మన వైపు ఆపరేషన్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పే పని లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వాడేవాళ్లు చాలా కొద్దిమంది. ఇద్దరు పుట్టేదాకా ఏమీ వాడరు, పుట్టగానే ఆపరేషన్. ఆ మధ్యలో నెల తప్పితే మెడికల్ షాపుకు మనిషిని పంపి, డాక్టర్‌కు చూపించకుండానే కడుపు పోయే మాత్రలు తెప్పించుకుని మింగడం, రక్తం ఆగక పెద్దాసుపత్రికి పరిగెత్తడం. ఇది మా వీధిలోనే చూశాను. పేర్లు అందరికీ తెలుసు. ఏది ఎవరికి సరిపోతుందో కూర్చోబెట్టి చెప్పే మనిషి దొరకడమే కష్టం.

నేను వాడింది ఛాయ మాత్రలు. పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఉచితం. ఇందులో హార్మోన్ లేదు, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. నెలసరి మొదటిరోజు ఒకటి వేసుకోవాలి, మూడు రోజులకు ఇంకొకటి. ఆదివారం మొదలైతే ఆదివారం, బుధవారం. అట్ల మూడు నెలలు, తర్వాత వారానికి ఒక్కటే. చిక్కల్లా నెలసరి ఆలస్యం కావడమే. నాకు మొదట్లో తేదీ దాటిపోయేసరికి అదే టెన్షన్. మా ఊరి నర్సు ఏఎన్ఎమ్మ ముందే చెప్పి ఉండబట్టి ఆగాను. పదిహేను రోజులు దాటితే మాత్రం గర్భం ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. ఇంకొక కష్టం మరిచిపోవడం. రోజూ వేసుకునే మాత్ర అలవాటైపోతుంది, వారానికొకటి కాబట్టి ఇదే ఎక్కువ మరిచిపోతాం. మా ఇంట్లో ఆదివారం కోడికూర వండే రోజు, దానికి ముడిపెట్టుకున్నా.

మా యారాలు అంతర సూది వేయించుకుంది. మూడు నెలలకొకసారి, ఇదీ ఉచితమే. మొదటిసారి డాక్టర్ చూసి ఇస్తారు. అత్తకు తెలియకుండా వాడుకోవచ్చని ఆమె దాన్ని ఎంచుకుంది, అందులో తప్పేమీ లేదు. సూది వేసినచోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మన ఇళ్లలో మొదట చేసేదే ఆ పని. కొందరికి రక్తం మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే నిలిచిపోతుందని మా అవ్వ గోల చేసింది. అట్ల ఏమీ జరగదు, లోపల పొర పెరగదు కాబట్టి పోయేదీ ఉండదు. రక్తం తక్కువ ఉన్నవాళ్లకు అది మేలే. ఒక మాట మాత్రం ముందే తెలిసి ఉండాలి. సూదులు మానేశాక గర్భం వెంటనే నిలవదు, చివరి సూది నుంచి ఏడెనిమిది నెలలు, పది నెలలు కూడా పట్టొచ్చు. యారాలు ఆ నెలల్లో చాలా మాటలు పడింది. తర్వాత బాబు పుట్టాడు.

ఇక మీ అత్త భయం. ఆమె కాలంలోవాళ్లు విన్న కథలు పాత లూప్‌వి. 1965లో తెచ్చిన ఆ లూప్ ప్లాస్టిక్‌ది, ఇప్పుడు వేసేది కాపర్-టి. 380ఎ అయితే పదేళ్లు, 375 అయితే ఐదేళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు తీయించినా గర్భం మళ్లీ నిలుస్తుంది. మొదటి నెలల్లో రక్తం ఎక్కువ పోవడం, కడుపునొప్పి ఉంటాయి, అది నిజమే. మీకు రక్తం తక్కువని కార్డులో రాసి ఉంటే డాక్టర్‌కు చెప్పి అప్పుడు నిర్ణయించుకోండి. తెల్లబట్ట వాసన వస్తుంటే ముందు దానికి మందు వాడాలి. కాన్పైన 48 గంటల్లో ఆసుపత్రిలోనే వేయించుకునే వీలుంది, రెండోసారికి గుర్తుంచుకోండి.

మాలా-ఎన్ హార్మోన్ మాత్ర, రోజూ వేసుకోవాలి. మీ పాపకు ఆరు నెలలు దాటాయి కాబట్టి వాడొచ్చు, బీపీ ఉంటే వద్దు. నిరోధ్ మీ ఆయన చేతిలో పని. కలిసిన 72 గంటల్లోపు వేసుకునే మాత్ర ఎప్పుడో ఒకసారికి, నెలనెలా దాన్నే నమ్ముకోవద్దు. పాలిస్తున్నంతకాలం గర్భం రాదనే మాట మీకిక వర్తించదు. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, నెలసరి రాకుండా ఉంటేనే అది.

మగవాళ్ల ఆపరేషన్ సంగతి కూడా చెప్పేస్తా. రెండో బిడ్డ పుట్టాక మా ఆయన్ను అడిగాను. పత్తి మార్కెట్లో హమాలీ పని, మూటలు మోసేవాడికి బలం పోతుందని అత్త ఒప్పుకోలేదు. కోత, కుట్లు లేని చిన్న పని అది, అదేరోజు ఇంటికి రావచ్చు, బలానికి దానికి సంబంధమే లేదు. తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యం పరీక్ష చేయించుకోవాలి, అంతే. చివరికి బల్లమీద పడుకున్నది నేనే. ఆ కోపం నాకింకా పోలేదు.

మీ విషయానికొస్తే, నేనైతే సుగ్గిని చూసుకుని ఎంచుకుంటా. మిరప చేలో గుడారం వేసుకుని ఉన్నప్పుడు సూది తేదీ వస్తే అక్కడ ఏ పీహెచ్‌సీకి పోవాలో తెలియదు, కూలి పోతుందని మేస్త్రీ పోనివ్వడు. అంతర కావాలంటే బయల్దేరే ముందు తేదీ పడేట్టు చూసుకోండి. తేదీకి రెండు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత వరకు వేస్తారు. కార్డు వెంట పెట్టుకోండి. ఛాయ అయితే ఆ నెలలకు సరిపడా స్ట్రిప్పులు ముందే అడిగి తీసుకోండి. కాపర్-టి మీకు సరిపడితే ఇవేవీ లెక్క చూసుకోనక్కర్లేదు, కానీ బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందే వేయించుకోండి, ఆ మొదటి ఇబ్బందులు ఇంటి దగ్గరే తీరిపోతాయి. టీకాలకు పాపను ఎత్తుకుని బుధవారమో శనివారమో పోతారు కదా, ఆరోజు ఏఎన్ఎమ్మను పక్కకు పిలిచి అడగండి. అత్త వెంట వస్తే ఆమె చేతికి పాపనిచ్చి, బీపీ చూపించుకుంటానని లోపలికి పోండి.