పార్ట్‌టైమ్ అనుకుని ఒప్పుకున్నారు

ప్రశ్న: మాది కావలి. నాకు 38 ఏళ్లు. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. లాసెట్ రాస్తే మంచి ర్యాంకే వచ్చింది, నెల్లూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో సీటు వచ్చేలా ఉంది. ‘పార్ట్‌టైమ్‌గా లా చదువుకో’ అని మొదట అన్నది మావారే. ఇప్పుడు పుస్తకాలు చూసి ‘ఇంతుందా?’ అని ముఖం మాడ్చుకుంటున్నారు. అడ్డు చెబుతుందని భయపడిన అత్తయ్యేమో బీరువాలో ఒక అర ఖాళీ చేసి, ‘నీ పుస్తకాలు ఈడ పెట్టుకోమ్మే’ అంది. తెలిసిన పెద్దాయన ఐపీసీ పుస్తకం ఇస్తే, ఆ చట్టమే మారిపోయిందన్నారు ఇంకొకరు. చేరకముందే రోజుకో వింత. మానుకోమంటారా?

జవాబు: వద్దమ్మా, మానుకోకండి. మీవారు మాట తప్పారనీ అనుకోకండి. పని చూసుకుని, తీరిక దొరికినప్పుడు చదువుకునే చదువనుకుని ఆయన సరేనన్నారు. లా అలా ఉండదు. కరస్పాండెన్స్‌లో చేసిన ఎల్‌ఎల్‌బీతో వకీలుగా నమోదు కాలేరు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో వారానికి 30 గంటల తరగతులు, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు అని ఉంది. తరగతులు కూడా ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే జరగాలి. దానికి తోడు రోజూ కావలి నుంచి నెల్లూరుకు రానూపోనూ ప్రయాణం. ఇదంతా ఆయనకు ఎవరూ చెప్పలేదు, బహుశా మీకూ ఇప్పుడే తెలుస్తోంది. పుస్తకాల బరువు చూసి కంగారు పడిన మనిషికి అసలు లెక్క చెప్పి మళ్లీ అడగండి. అప్పుడు ఆయన ఏమంటారో అదీ జవాబు.

అడిగేటప్పుడు ‘కాస్త సాయం చేయండి’ అనొద్దు. ఆ మాటకు ఎవరైనా ఊ కొడతారు, మర్నాడు మరిచిపోతారు. పిల్లల టిఫిన్ ఎవరు చూస్తారు, సెమిస్టర్ పరీక్షలప్పుడు వంట ఎవరిది, మీ జీతం తగ్గితే ఏ ఖర్చు ఆపుతారు, ఇలా పనిపనిగా మాట్లాడుకోండి. అన్నిటికన్నా కష్టమైనది జీతం సంగతే. మిల్లు యజమానితో ముందు మాట్లాడండి. పొద్దున పూట వద్దు, సాయంత్రాలు, నెలాఖరు లెక్కలు చూస్తానంటే ఆయనకు కుదురుతుందేమో. కాలేజీ టైమ్‌టేబుల్ మాత్రం అక్కడ చదువుతున్న వాళ్లనే అడగండి, బంధువుల మాట నమ్మొద్దు.

అత్తయ్య గురించి చదివి నాకు నిజంగా సంతోషం వేసింది. ఎక్కువ మాటలు చెప్పకుండా తన బట్టలు జరిపి చోటిచ్చిన మనిషి ఆవిడ. ఇన్నేళ్లూ ఆవిడకు భయపడ్డారు కాబట్టి ఒక్కసారిగా చనువు రాదు. ఓ సాయంత్రం పక్కన కూర్చుని, మీరు వెళ్లాక ఇంట్లో ఏ పని ఆవిడకు భారమవుతుందో అడగండి. ఆవిడ ఓపిక చూడకుండా అన్నీ ఆవిడ మీద వదిలేయొద్దు.

ఇక ఆ ఐపీసీ పుస్తకం పారేయకండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది నిజమే. హత్యకు 302 పోయి 103 అయింది, అందరి నోటా నానిన 420 ఇప్పుడు 318లో ఉంది. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది, కోర్టుల్లో అలాంటి కేసులు ఇంకా నడుస్తున్నాయి. కొత్తదొకటి కొనుక్కుని రెండూ ఆ అరలోనే పెట్టుకోండి.

మీవారితో, మిల్లులో, అత్తయ్యతో ఈ మాటలన్నీ సీటుకు ఫీజు కట్టకముందే అయిపోవాలి.