ఒకే వివరం ఎన్నిసార్లు రాయాలి?

ప్రశ్న: మా నాన్నగారు కాలం చేసి ఎనిమిది నెలలైంది. ఆయన పింఛను, బ్యాంకు ఖాతా, ఇంటి పన్ను వగైరాలలో పేరు మార్పిడి కోసం నాలుగు కార్యాలయాల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నాను. ప్రతిచోటా అవే వివరాలు, అదే మరణ ధ్రువపత్రం. ఒకచోటనైతే పక్క గదిలో ఇచ్చిన నకళ్లనే ఈ గదిలో మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. కిందటి వారం ఒక పత్రంలో ఆయన ఇంటిపేరు పూర్తిగానూ, ఇంకొకదానిలో పొడి అక్షరంతోనూ ఉందని కొర్రీ వేసి అన్నీ తిప్పి పంపారు. ఈ కంప్యూటర్ల కాలంలో కూడా ఇలా ఎందుకు జరుగుతోంది? నేను చేయగలిగినదేమైనా ఉందా?

జవాబు: దుఃఖంలో ఉన్న మనిషి చేత ఆ మరణాన్ని నాలుగు చోట్ల నాలుగుసార్లు రాయించడంలోని నిర్దయ ఏ ఫారంలోనూ లెక్కకు రాదు. మీ విసుగు న్యాయమైనదే.

కాగితం మొదట వచ్చింది మనల్ని వేధించడానికి కాదు. రాతపూర్వకమైన దస్త్రాలే ఆధునిక కార్యాలయానికి ఆధారమని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ చెప్పాడు. అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడకుండా, ఎవరు వచ్చినా ఒకే నియమం వర్తించాలంటే రాత అవసరమే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అనర్హుడి దరఖాస్తును పొరపాటున ఆమోదించిన అధికారిని ఆడిట్‌లో నిలదీస్తారు గాని, అర్హుడైన మీ వంటి వారిని ఎనిమిది నెలలు తిప్పినందుకు ఎవరూ సంజాయిషీ అడగరు. అందుచేత ఇంకొక నకలు, ఇంకొక సంతకం అడిగి పెట్టుకోవడం ఆయనకు ఖర్చులేని రక్షణ. ఆ ఖర్చు మొత్తం మీది. ఫారంలో ఉన్న చాలా గడులు ఎప్పుడో జరిగిన ఒక మోసానికో, ఒక ఆడిట్ అభ్యంతరానికో గుర్తుగా పుట్టినవి. గడిని చేర్చడానికి ఒక ఉత్తర్వు చాలు గాని, తొలగించే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

మీకు పడిన కొర్రీ కూడా ఈ పునరావృతం నుంచి పుట్టినదే అనుకుంటున్నాను. ఒక పేరును పది చోట్ల పది మంది విడివిడిగా రాసుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట అక్షరం మారక తప్పదు. ఆ తేడాను సరిచేయడానికి మరొక ధ్రువపత్రం అడుగుతారు, అందులో ఆ పేరు పదకొండోసారి రాస్తారు.

కంప్యూటర్ దానంతట అది దీనిని మార్చలేదు. పాత ఫారాన్నే తెర మీద పెట్టి, నింపిన తరువాత ముద్రించి, సంతకం చేసి తెమ్మనే చోట్ల పని తగ్గకపోగా ఒక మెట్టు పెరిగింది. మార్పు వచ్చిన చోట ముందు నియమం మారింది. ఎస్టోనియాలో 2001లో మొదలైన ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థ ద్వారా ఒక శాఖ దగ్గరున్న వివరాన్ని మరొక శాఖ నేరుగా అడిగి తెలుసుకుంటుంది. అన్నింటినీ ఒకేచోట కుప్పపోయకుండా ఎవరి వివరాలు వారి దగ్గరే ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, ఒకే సమాచారం కోసం వేరువేరు పట్టికలు ఏర్పాటు చేయరాదని అక్కడి చట్టమే నిషేధించింది. అమెరికాలో 1980లో వచ్చిన కాగితాల భారం తగ్గింపు చట్టం మరొక దారి పట్టింది: ఫెడరల్ శాఖలు ఫారం ద్వారా ప్రజలను వివరాలు అడగాలంటే ముందుగా అనుమతి పొందాలి, చెల్లుబాటయ్యే అనుమతి సంఖ్య లేని ఫారాన్ని నింపలేదని ఎవరినీ శిక్షించరాదు. ఇప్పుడు ఆ ఫారాల మీద, నింపడానికి సుమారు ఎంతసేపు పడుతుందో కూడా ముద్రిస్తారు. అయినా అక్కడ కాగితాలు మాయమైపోలేదు. నెదర్లాండ్స్ ప్రభుత్వం వ్యాపార సంస్థల మీద పడే ఈ భారాన్ని డబ్బులో లెక్కగట్టి, 2003 నుంచి 2007 లోపల 25 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. మీ ఎనిమిది నెలలు ఏ పద్దులోనూ కనబడనంత కాలం వాటిని తగ్గించే ప్రయత్నం కూడా జరగదు.

ఇక మీరు చేయగలిగినది. ముందుగా పేరులోని తేడా సంగతి తేల్చండి. ఏ పత్రాన్ని మూలంగా తీసుకుంటారో నాలుగు కార్యాలయాలలోనూ అడిగి, అందులోని రాతనే అన్ని దరఖాస్తులలో అక్షరం పొల్లుపోకుండా దించండి. తప్పు మూలపత్రంలోనే ఉంటే ముందు దానినే సరిచేయించండి, లేకపోతే ప్రతిచోటా అదే కొర్రీ ఎదురవుతుంది. మరణ ధ్రువపత్రం అధికారిక నకళ్లు ఒకేసారి అరడజను తీసుకోండి. ఏమేమి జతచేయాలో రాసి ఇమ్మని, అభ్యంతరాలన్నీ ఒకేసారి తెలుపమని లిఖితపూర్వకంగా కోరండి. నోటిమాటగా చెప్పిన కొర్రీ మనిషి మారితే మారిపోతుంది, కాగితం మీది కొర్రీ అంత సులువుగా మారదు. పత్రాలు ఇచ్చిన ప్రతిసారీ తేదీతో రసీదు అడగండి. కాగితాలతో విసిగినవారికి ఇంకొన్ని కాగితాలు దాచుకోమని చెప్పవలసి రావడం నాకూ ఇబ్బందిగానే ఉంది.

ప్రశ్న: నేను ఒక కార్యాలయంలో దరఖాస్తులు స్వీకరించే గుమాస్తాను. ఫారం పై నుంచి వస్తుంది, తిట్లు మాకు పడతాయి. నా స్థాయిలో ఏం చేయగలను?

జవాబు: ఒక నెలపాటు రెండు లెక్కలు రాయండి: ఏ గడి దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తున్నారు, ఏ గడిని మీరు గాని మీ పైవారు గాని అసలు చూడటమే లేదు. మొదటిదానికి నింపిన నమూనా ఒకటి కౌంటర్ పక్కన అతికిస్తే సగం కొర్రీలు అక్కడే ఆగుతాయి. రెండవదాని గురించి, ఆ గడి తీసేస్తే ఆగిపోయే పని ఏమిటో చెప్పమని పైవారిని అంకెలతో సహా రాతపూర్వకంగా అడగండి. మన కార్యాలయాలలో ఇంకా ఎవరూ నింపని ఫారం బహుశా అదొక్కటే.