సింగిల్ లైన్లో ప్యాసింజర్‌ను చిన్న స్టేషన్లో అంతసేపు ఎందుకు నిలబెడతారు?

గుంటూరు–నంద్యాల లైన్లో గిద్దలూరు వైపు వెళ్లేటప్పుడు చిన్న స్టేషన్లలో అరగంట ఆపేస్తున్నారని, ఒక్కోసారి స్టేషన్ కనబడుతున్నా ఔటర్లోనే నిలబెడుతున్నారని అడిగారు.

డబ్లింగ్ (రెండో లైను వేయడం) ఇంకా అందని చోట రెండు స్టేషన్ల మధ్య ఉన్నది ఒక్కటే లైను. దాని మీద ఒకసారికి ఒక్క బండే ఉండాలి. అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి ఇస్తేనే, ఇక్కడ బండిని బయల్దేరనిచ్చే స్టార్టర్ సిగ్నల్ పడుతుంది. ఎదురు బండి పక్క స్టేషన్లో అప్పుడే బయల్దేరిందనుకోండి: దూరం 10 కిలోమీటర్లు, వేగం 60 అయితే ఇక్కడికి చేరడానికే 10 నిమిషాలు. వచ్చేది గూడ్సయి లూప్ లైన్లోకి (స్టేషన్లో మెయిన్ లైను పక్కన ఉండే లైను) మళ్లాలంటే ఇంకాస్త ఆలస్యం. బండి లైను మారే పాయింట్ల మీద 15 కిలోమీటర్ల వేగమే అనుమతిస్తే నిమిషానికి 250 మీటర్లే కదులుతుంది. 650 మీటర్ల గూడ్సు లోపలికి రావడానికే రెండున్నర నిమిషాలు దాటుతుంది.

ఇక ఔటర్ సంగతి. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లనూ ఒకేసారి లోపలికి తీసుకోవడం చాలా చిన్న స్టేషన్లలో కుదరదు. బ్రేకు కాస్త ఆలస్యంగా పడినా ప్రమాదం జరగకుండా, బండి ఆగాల్సిన స్టార్టర్‌కు అవతల మరో 120 మీటర్ల లైను ఖాళీగా ఉంచాలి. ఎదురు బండి రావాల్సిన దారి కూడా అదే! లూప్ చివర ఇసుక పోసిన శాండ్ హంప్ ఉంటే ఆ చిక్కు తప్పుతుంది. లేకపోతే మొదటిది పూర్తిగా వచ్చి ఆగేదాకా రెండోది స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ బయట ఉండాల్సిందే.

పూర్తిగా అన్నది ముఖ్యం. చివరి పెట్టె ఫౌలింగ్ మార్కు దాటి లోపలికి రావాలి. రెండు లైన్లు కలిసే చోట మధ్యలో పాతి ఉండే తెల్ల రాయి అదే. పెట్టె వెనక, అదే చివరిదని (లాస్ట్ వెహికల్) చెప్పే ఎల్‌వీ బోర్డు, రాత్రయితే ఎర్ర దీపం కనబడాలి. కనబడలేదంటే బండి తెగి, కొన్ని పెట్టెలు రెండు స్టేషన్ల మధ్య ఉన్న సెక్షన్‌లోనే ఉండిపోయాయేమోనని అనుమానించాలి. అది తేలేదాకా లైను ఖాళీ అని ఎవరూ చెప్పరు. యాక్సిల్ కౌంటర్లున్న చోట చక్రాల లెక్కతో ఇదే తేలుతుంది. ఆలస్యానికి విసుగొచ్చినా, ఈ ఒక్క పనిలో తొందర పనికిరాదు.

ఎంతసేపు ఆగుతుందో ప్లాట్‌ఫాం మీద నుంచే అంచనా వేయొచ్చు. ఎదురు బండి వచ్చిందంటే మనం వెళ్లాల్సిన సెక్షన్ ఖాళీ అయినట్టే, మామూలుగా కొద్ది నిమిషాల్లో కదులుతాం. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చి దాటిపోతే మాత్రం కథ వేరు. అది ముందు స్టేషన్ చేరి లైను వదిలేదాకా మరో పది నిమిషాలు కూర్చోవాలి. డబ్లింగ్ అయ్యాక ఎదురు బండి కోసం ఆగే క్రాసింగులు పోతాయి గానీ ఈ ఓవర్‌టేకులు ఉంటాయి.

టీకి దిగితే మీ లైను స్టార్టర్ మీదే కన్నుంచండి. పక్క మెయిన్ లైనుకు పచ్చ పడితే అది మీ బండికి కాదు, దాటిపోయే బండికి. అప్పుడు పట్టాల మీదకు అసలు దిగొద్దు.