మైకంటే భయపడే మేనకోడలికి

విజయనగరం

అమ్మడూ,

ఆగస్టు 29న మీ శ్రీకాకుళం కాలేజీలో గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమన్నారట, నువ్వేమో పేరు తీసేయమని అడగబోతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అడక్కు. తప్పించుకున్న పూట హాయిగానే ఉంటుంది గానీ, మళ్లీ ఎవరైనా పిలిచేసరికి ఆ భయం ఇంకాస్త ముదిరి ఉంటుంది.

ముందు ఆ వణుకేమిటో తెలుసుకో. అంతమంది కళ్లు ఒక్కసారిగా మీద పడితే, అది సభో, మీదికొచ్చే ఆంబోతో మన ఒంటికి తేడా తెలీదు. అడ్రినలిన్ ఊరుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. పారిపోవడానికో తలపడడానికో ఒళ్లు సిద్ధపడుతోందంతే, నీకు చేతకాదని కాదు. ఆగకుండా మాట్లాడుతూ పోతే చాలామందికి కాసేపట్లోనే అది దిగిపోతుంది. పైగా నీ గుండెదడ నీకు తెలిసినంతగా మూడో వరసలో కూర్చున్నవాళ్లకి తెలీదు.

అంచేత మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మిగతాది బట్టీ పట్టకు, ఒక్క మాట మరిచిపోతే వెనకున్నదంతా పోతుంది. చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకో: 1863లో పర్వతాలపేటలో పుట్టడం, పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం, సవరలనే కొండజాతి వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చడం, వాడుక భాష కోసం పోట్లాట. సవరల సంగతి కాస్త ఎక్కువ చెప్పు. వాడుక భాష ముక్క ఎలాగూ అందరూ చెప్తారు.

అసలు నీ భయం వేరే ఉందని నా అనుమానం. నోరు జారి ‘ఏటి’ అనో ‘సెప్పు’ అనో అంటే పట్నం పిల్లలు నవ్వుతారని కదూ? గిడుగు గారు అడిగింది శిష్టుల వాడుక భాషే, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే భాషే, మన యాసను కాదు. ఎవరైనా ఆ మాటంటే ఒప్పుకో. అయినా గ్రాంథికం వద్దని అంత పోరాడిన మనిషి గురించి, ఆయన పుట్టిన జిల్లాలోనే నిలబడి అరువు గొంతుతో మాట్లాడతావా? యాసని పట్టిపట్టి దాచుకుంటూ కూర్చుంటే చెప్పాల్సింది మర్చిపోతావు. నవ్వితే నవ్వనీ. ఏటవుతాది మహా అయితే?

రోజూ పెరట్లో నిలబడి పైకే చెప్పుకో. మనసులో చదువుకుంటే లాభం లేదు. తర్వాత మీ నాన్నమ్మ ముందు, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితుల ముందు. ముందురోజు ఆ హాలుకెళ్లి ఓసారి మైకు దగ్గర నిలబడు. నోటికీ మైకుకీ బెత్తెడు ఎడం ఉండాలి. పిలిచే ముందు గాలి మెల్లగా పీల్చి, అంతకన్నా మెల్లగా వదులు, నాలుగైదుసార్లు. లేచాక “నాకు మాట్లాడడం రాదు, క్షమించండి” అని మాత్రం మొదలెట్టకు, నాకు ఒళ్లు మండుతుంది. మాట తట్టకపోతే ఆగి, మంచినీళ్లు తాగి, కాగితం చూసుకో. ఆ నాలుగు క్షణాలు నీకే యుగాల్లా ఉంటాయి, వినేవాళ్లకి కాదు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి. ఆ రెండు వాక్యాలూ నాకు వినిపించాలి.

మీ మావయ్య