1987లో లియోనార్డ్ చేతిలో హాగ్లర్ నిజంగానే ఓడిపోయాడా?

1987 ఏప్రిల్ 6న లాస్ వేగస్‌లో షుగర్ రే లియోనార్డ్‌తో జరిగిన బాక్సింగ్ పోటీలో మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ మార్వెలస్ మార్విన్ హాగ్లర్ నిజంగా ఓడిపోయాడా, లేక జడ్జిలు అతడికి అన్యాయం చేశారా, హాగ్లర్ అభిమానులు ఆ పోటీని ఇప్పుడు ఎలా తలచుకుంటున్నారు అని మీరు అడిగారు. నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగిన వాడిని. పదహారో ఏట నుంచి ఇరవై రెండో ఏట వరకు జిల్లా స్థాయిలో బాక్సింగ్ ఆడాను. హాగ్లర్‌ను ఆ రోజుల నుంచీ అభిమానిస్తున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: అతడు ఓడిపోయాడు, కానీ వెంట్రుకవాసి తేడాతో. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఎంత సమయం పట్టిందో, ఎందుకు పట్టిందో చెబితేనే మీ ప్రశ్నకు పూర్తి జవాబు అవుతుంది.

మా చిన్నాన్న విదేశీ సరకు నౌకల్లో ఇంజిన్ రూము ఫిట్టరుగా పనిచేసేవాడు. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు సబ్బులు, సెంటు సీసాలతో పాటు బాక్సింగ్ వీడియో క్యాసెట్లు కూడా తెచ్చేవాడు. అమెరికాలో రికార్డు చేసిన టేపు మన మామూలు వీసీఆర్‌లో వేస్తే బొమ్మ రంగు పోయి పైకీ కిందికీ జారిపోయేది. అందుకని ఏ దేశపు టేపునైనా ఆడించగల యంత్రాన్ని కూడా ఆయనే సింగపూర్ నుంచి మోసుకొచ్చాడు. వన్‌టౌన్‌లోని వాళ్ల ముందు గదిలో, పిన్ని ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మేము ఆరేడుగురు కుర్రాళ్లం నేల మీద కూర్చుని హాగ్లర్‌ను చూశాము. ఆ పోటీల వార్త మాకు పత్రికలో నాలుగైదు వాక్యాలకు మించి దొరికేది కాదు. పోటీ జరిగిన కొన్ని నెలలకు టేపు వచ్చేది. ఫలితం ముందే తెలిసినా మా గుండెలు కొట్టుకునే వేగం తగ్గేది కాదు.

మేము అతడిని ఎందుకంతగా ఇష్టపడ్డామో చెప్పాలి. హాగ్లర్ 1954లో న్యూవార్క్‌లో పుట్టాడు. 1967లో ఆ ఊళ్లో జరిగిన అల్లర్ల తర్వాత కుటుంబం మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌కు తరలిపోయింది. అక్కడ గూడీ, పాట్ పెట్రొనెల్లి అనే సోదరుల జిమ్‌లో చేరి, పగలు వాళ్ల దగ్గరే కట్టడాల పని చేస్తూ సాయంత్రం సాధన చేశాడు. చివరి పోటీ వరకు ఆ ఇద్దరినీ వదలలేదు. 1973లో ప్రొఫెషనల్ అయిన అతడికి మొదటి టైటిల్ పోటీ దక్కడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. ఎడమచేతివాటం స్టాన్స్ (రింగులో నిలబడే తీరు), గట్టి దెబ్బ, పేరున్న ప్రమోటరు అండ లేకపోవడం, ఇవన్నీ కలిసి పెద్ద బాక్సర్లు అతడిని తప్పించుకు తిరిగేలా చేశాయి. 1976లో ఫిలడెల్ఫియాలో బాబీ వాట్స్, విల్లీ మన్రో అనే ఇద్దరు స్థానిక బాక్సర్ల చేతిలో పాయింట్ల మీద ఓడిపోయి, తర్వాత ఆ ఇద్దరినీ మళ్లీ వెతుక్కుంటూ వెళ్లి ఓడించాడు. 1979 నవంబరులో అప్పటి ఛాంపియన్ వీటో ఆంతువోఫెర్మోతో 15 రౌండ్లు పోరాడితే డ్రా అని తేల్చారు. డ్రా అయితే బెల్టు పాత ఛాంపియన్ దగ్గరే ఉండిపోతుంది. ఆ రాత్రి చాలామంది లెక్కలో హాగ్లరే గెలిచాడు. ఈ డ్రాను గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

పది నెలల తర్వాత, 1980 సెప్టెంబరు 27న, లండన్‌లోని వెంబ్లీలో, అప్పటికి ఛాంపియన్‌గా ఉన్న అలన్ మింటర్‌ను మూడో రౌండులోనే రిఫరీ ఆపేలా చేసి హాగ్లర్ ఛాంపియన్ అయ్యాడు. మింటర్ ముఖమంతా చీలికలు పడి రక్తం కారుతుండగా పోటీ ఆగిపోయింది. వెంటనే రింగులోకి సీసాలు, డబ్బాలు వర్షంలా వచ్చి పడ్డాయి. పెట్రొనెల్లి సోదరులు తమ శరీరాలు అడ్డం పెట్టి అతడిని కాపాడితే, పోలీసులు బయటికి తీసుకువెళ్లారు. ఏడేళ్లు ఎదురుచూసిన మనిషికి తన నడుముకు బెల్టు కట్టించుకునే క్షణం కూడా ఆ రింగులో దక్కలేదు. ఆ టేపు చూసిన రాత్రి మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత అతడు 12 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అందరూ 1985 ఏప్రిల్ 15 నాటి థామస్ హర్న్స్ పోటీని చెబుతారు, చెప్పాల్సిందే. తన కంటే నాలుగంగుళాలు పొడవైన హర్న్స్‌ను దూరం నుంచి జాబ్ (ముందున్న చేత్తో విసిరే సూటి దెబ్బ) వేసే అవకాశమే ఇవ్వకుండా, మొదటి గంట మోగిన క్షణం నుంచి మీద పడ్డాడు. మొదటి రౌండులోనే హర్న్స్ కుడిచేతి ఎముక విరిగింది, హాగ్లర్ నుదురు చీలింది. మూడో రౌండులో రిఫరీ రిచర్డ్ స్టీల్ పోటీ ఆపి వైద్యుడి చేత ఆ గాయాన్ని చూపించాడు. రక్తం వల్ల పోటీ తన చేతిలోంచి జారిపోతుందని గ్రహించిన హాగ్లర్, ఆ వెంటనే కుడిచేతి దెబ్బలతో హర్న్స్‌ను పడగొట్టేశాడు. అంతా కలిపి ఎనిమిది నిమిషాలు. మా జిమ్ కుర్రాళ్లు ఆ మొదటి రౌండును ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశారంటే, టేపులో ఆ భాగం అరిగిపోయి గీతలు పడింది.

అయితే మీ ప్రశ్నకు జవాబు హర్న్స్ పోటీలో లేదు. అంతకు ముందు, 1983 నవంబరు 10న, రాబర్టో డ్యూరాన్‌తో జరిగిన పోటీలో ఉంది. లైట్‌వెయిట్ అనే తక్కువ బరువు తరగతి నుంచి పైకి ఎక్కి వచ్చిన డ్యూరాన్ ఆ రాత్రి అద్భుతంగా ఆడాడు. హాగ్లర్ మాత్రం అతి జాగ్రత్తకు పోయి, చాలా రౌండ్లు వేచి చూస్తూ గడిపేశాడు. చివరి రెండు రౌండ్లు, అంటే 14, 15 రౌండ్లు, గట్టిగా గెలుచుకున్నందువల్లనే అతి కొద్ది పాయింట్ల తేడాతో బయటపడ్డాడు. నెమ్మదిగా మొదలుపెట్టి, ప్రత్యర్థిని చదివి, చివర్లో లాగేసుకోవడం హాగ్లర్ స్వభావం. ఆ స్వభావానికి 15 రౌండ్ల పొడవు కావాలి.

ఇప్పుడు 1987కు వద్దాము. 1982 నవంబరులో లాస్ వేగస్‌లో దెబ్బలు తిన్న కొరియా బాక్సర్ కిమ్ డక్ కూ మరణించిన తర్వాత టైటిల్ పోటీలను 15 నుంచి 12 రౌండ్లకు తగ్గించడం మొదలైంది. లియోనార్డ్ పక్షం 12 రౌండ్లే కావాలని పట్టుబట్టింది, తిరగడానికి వీలుగా 20 అడుగుల విశాలమైన రింగు కావాలని అడిగింది. హాగ్లర్ రెండింటికీ ఒప్పుకున్నాడు. కంటి శస్త్రచికిత్స తర్వాత లియోనార్డ్ ఐదేళ్లలో ఒక్కటే పోటీ ఆడాడు, అదీ దాదాపు మూడేళ్ల కిందట. హాగ్లర్ అప్పటికి 11 ఏళ్లుగా ఓటమి ఎరుగడు. ఎన్ని రౌండ్లయినా ఏముందిలే అనుకున్నాడేమో. డ్యూరాన్‌ను గెలిచింది ఏ రౌండ్లలోనో తలచుకుని ఉంటే ఆ మూడు రౌండ్లను అంత తేలికగా వదులుకునేవాడు కాదని నా నమ్మకం.

ఫలితం స్ప్లిట్ డెసిషన్, అంటే జడ్జిలు ఏకాభిప్రాయానికి రాని తీర్పు. ఒక జడ్జి 115–113తో హాగ్లర్‌కు, మరో జడ్జి అదే 115–113తో లియోనార్డ్‌కు ఇవ్వగా, మూడో జడ్జి 118–110తో లియోనార్డ్‌కు ఇచ్చాడు. రౌండు గెలిచిన వాడికి 10, ఓడిన వాడికి 9 వేస్తారు కాబట్టి, ఎవరూ కింద పడని పోటీలో 115–113 అంటే ఏడు రౌండ్లకు ఐదు, 118–110 అంటే పదికి రెండు. ఆ మూడో లెక్క ఏ కోణంలో చూసినా నిలబడదు. నాతో సహా మా గదిలోని వాళ్లందరం ఆ ఒక్క కార్డును పట్టుకుని, హాగ్లర్‌ను దోచేశారని అరిచాము. నేను లెక్క వేయలేదు. అభిమానంతో చూశాను, అంతే.

నా అభిప్రాయం మారింది నా సొంత ఓటమి వల్ల. 1988లో ఒక అంతర్ జిల్లా పోటీ ఫైనల్లో నేను మూడు రౌండ్లు ఆడాను. ప్రత్యర్థి ఎడమచేతివాటం వాడు. మొదటి రెండు రౌండ్లు అతడిని చదువుతున్నాననుకుంటూ దూరంగా తిరిగాను. మూడో రౌండులో అతడి ముక్కు నుంచి రక్తం కారేలా కొట్టాను. గంట మోగేసరికి అతడు తాళ్లకు ఆనుకుని ఉన్నాడు, నేను చేతులు పైకెత్తి ఉన్నాను. ముగ్గురు జడ్జిలు అతడికి, ఇద్దరు నాకు ఇచ్చారు. తిరుగు రైల్లో విశాఖ చేరేవరకు అన్యాయం, అన్యాయం అంటూ ఏడుస్తూనే ఉన్నాను. మాకు నేర్పే మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు.

మరుసటి ఆదివారం ఆయన గళ్ల నోటుపుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని చిన్నాన్న ఇంటికి వచ్చి, లియోనార్డ్ టేపు పెట్టించి, టీవీ శబ్దం పూర్తిగా తగ్గించమన్నారు.

“ప్రతి రౌండు అయ్యాక ఒక నిమిషం ఉంటుంది కదా, ఆ నిమిషంలోనే ఎవరిదో రాయి. రాశాక దిద్దడానికి వీల్లేదు” అన్నారు.

శబ్దం లేకుండా చూస్తే అది వేరే పోటీలా కనిపించింది, కానీ నేను ఆశించినట్లు కాదు. లియోనార్డ్ ప్రతి రౌండు చివరి అర నిమిషంలో చేతులు వేగంగా ఆడించేవాడు. శబ్దం ఉన్నప్పుడు ఆ చేతులు కదిలిన ప్రతిసారీ జనం హోరెత్తడం వల్ల అన్నీ తగిలినట్లే అనిపించేది. నిశ్శబ్దంలో చూస్తే వాటిలో సగం హాగ్లర్ గ్లోవ్స్ మీద, మోచేతుల మీద పడ్డాయి. ఇది హాగ్లర్ పక్షాన ఉన్న వాదనే. అయితే మొదటి నాలుగు రౌండ్లలో ఆ వాదన కూడా అక్కరకు రాలేదు. తన జీవితమంతా ఎడమచేతివాటం స్టాన్స్‌లో నిలబడి గెలిచిన మనిషి, మొదటి రెండు రౌండ్లు కుడిచేతివాటం వాడిలా నిలబడ్డాడు. లియోనార్డ్‌ను తికమకపెట్టాలనుకుని ఉంటాడు. ఆ స్టాన్స్‌లో అతడి అడుగులు లియోనార్డ్ అడుగుల వెనక పడ్డాయి, అతడి ప్రధాన ఆయుధమైన కుడిచేతి జాబ్ లేకుండా పోయింది. మూడో రౌండులో పాత స్టాన్స్‌కు మారినా లయ దొరకడానికి మరో రెండు రౌండ్లు పట్టింది. నాలుగూ లియోనార్డ్‌వే అని రాయక తప్పలేదు. రాస్తుంటే నా చేయి వణికింది.

ఐదో రౌండు చివర హాగ్లర్ కింది నుంచి పైకి విసిరిన అప్పర్‌కట్‌తో లియోనార్డ్ కాళ్లు తడబడ్డాయి, ఆ రౌండు హాగ్లర్‌కు రాశాను. అక్కడి నుంచి పోటీ హాగ్లర్ వైపు వంగింది. ఆరు లియోనార్డ్‌కు ఇచ్చాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది వరుసగా హాగ్లర్‌కు ఇచ్చాను. తొమ్మిదో రౌండులో ఇద్దరూ మూలలో నిలబడి కొట్టుకున్న తీరు ఆ పోటీలోకెల్లా గొప్ప ఘట్టం. పదకొండు, పన్నెండు మళ్లీ లియోనార్డ్‌వి. కూడితే లియోనార్డ్‌కు ఏడు, హాగ్లర్‌కు ఐదు.

“నీ పోటీలో ఎన్ని రౌండ్లురా?” అని మాస్టారు అప్పుడు అడిగారు.

“మూడండి.”

“నువ్వు ఎన్ని ఆడావు?”

నేను తల దించుకున్నాను. ఆయన పుస్తకం నాకే ఇచ్చేసి వెళ్లిపోయారు. మరుసటి వారం నుంచి ఉదయం బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టే పరుగులో మొదటి కిలోమీటరునే అందరికంటే వేగంగా పరుగెత్తమని నన్ను పురమాయించారు.

మళ్లీ పోటీ పెట్టమని హాగ్లర్ ఏడాదికి పైగా అడిగాడు. లియోనార్డ్ ఇవ్వలేదు. 1988 జూన్‌లో హాగ్లర్ రిటైరయ్యాడు. ఇటలీ వెళ్లి సినిమాల్లో నటించాడు. తర్వాత లియోనార్డే పోటీకి పిలిచినా రింగులోకి తిరిగి రాలేదు. నా దృష్టిలో అది హర్న్స్ మీద విజయానికి ఏమాత్రం తక్కువ కాదు, ఎందుకంటే ఆ తరం ఛాంపియన్లలో పోయిన పేరును తిరిగి తెచ్చుకోవాలని వచ్చి దెబ్బలు తిన్నవారే ఎక్కువ. అతడు 67 పోటీల్లో 62 గెలుపులు, 3 ఓటములు, 2 డ్రాలతో, అందులో 52 నాకౌట్లతో ఆగిపోయాడు.

2021 మార్చి 13న హాగ్లర్ మరణించిన వార్త తెలిసిన రాత్రి, అప్పటికి ముప్పై మూడేళ్ల నాటి ఆ నోటుపుస్తకాన్ని అటక మీద నుంచి దింపాను. కొత్త పేజీ తీసి, శబ్దం తగ్గించి, పోటీ మళ్లీ చూశాను. ఈసారి పన్నెండో రౌండు హాగ్లర్‌కు ఇచ్చాను. 114–114, అంటే డ్రా. డ్రా అయితే బెల్టు ఛాంపియన్ దగ్గరే ఉంటుంది. 1979లో ఆంతువోఫెర్మో దగ్గర బెల్టు ఉంచేసిన నియమమే ఈసారి హాగ్లర్‌ను కాపాడి ఉండేది. ఆ రాత్రి దుఃఖంలో ఉన్నానని నాకు తెలుసు. అందుకే వారం ఆగి మరోసారి చూశాను, పన్నెండో రౌండు తిరిగి లియోనార్డ్‌కే వెళ్లింది. మిగతా పదకొండు రౌండ్లలో మూడుసార్లలోనూ ఒక్క అంకె కూడా మారలేదు.

మీరు ఆ పోటీని చూడదలచుకుంటే ముందు డ్యూరాన్ పోటీలోని 14, 15 రౌండ్లు చూడండి. తర్వాత శబ్దం తీసేసి లియోనార్డ్ పోటీ పెట్టి, ప్రతి రౌండు ముగిసిన నిమిషంలోనే మీ లెక్క రాసుకోండి. పన్నెండో రౌండు మీరు ఎవరికి ఇస్తారో తెలుసుకోవాలని నాకు నిజంగా ఉంది.